నాటింగ్‌హామ్‌లో కోరింత దగ్గు

కోరింత దగ్గు చిన్నపిల్లల జబ్బని మనలో చాలామంది అనుకుంటాం. చిన్నప్పుడు వేయించుకున్న టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుందని, పెద్దవాళ్లకూ అది రావచ్చని ఎవరూ పెద్దగా చెప్పరు. 2024లో ఇంగ్లండ్ అంతటా అది మళ్లీ విజృంభించింది. ఇక్కడ నాటింగ్‌హామ్‌లో నన్నూ పట్టుకుంది.

మొదట మామూలు జలుబే. అది తగ్గుముఖం పట్టాక దగ్గు మొదలైంది. పగలు పర్వాలేదు, ఆఫీసు పని కూడా చేసుకునేదాన్ని. రాత్రి పడుకోగానే గొంతులో ఎవరో ఈక పెట్టి కదిపినట్టు ఒక దురద, వెంటనే దగ్గు తెర. ఒకదాని మీద ఒకటి, ఊపిరి పీల్చుకునే సందు లేకుండా. ముఖం కందిపోయి, కళ్ల వెంట నీళ్లు కారి, చివరికి వాంతి అయితే గానీ ఆగదు. ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ కంట్లో రక్తం చిమ్మి ఉంది. పక్కటెముకల నొప్పి వల్ల నవ్వాలన్నా భయమే.

డాక్టరమ్మ అనుమానంతోనే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసి, రక్తపరీక్షకు పంపింది. కోరింత దగ్గేనని రిపోర్టు వచ్చేసరికి మాత్రలు అయిపోయాయి. “ఈ మందు మీ నుంచి వేరేవాళ్లకు అంటకుండా చూస్తుంది. దగ్గు మాత్రం దానంతట అది తగ్గాల్సిందే” అని ముందే చెప్పింది. ఆ బ్యాక్టీరియా వదిలే విషం వల్ల శ్వాసనాళాల లోపలి సన్నని నూగు దెబ్బతింటుందట. క్రిములు చచ్చినా ఆ నూగు బాగుపడటానికి వారాలు పడుతుంది. అంతవరకు దగ్గు పోదు. విన్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంది. అర్ధరాత్రి రెండు గంటలకు మాత్రం ఆ అర్థం ఎందుకూ పనికిరాలేదు.

ఫార్మసీకి వెళ్లి కోడీన్ లింక్టస్ అడిగాను, నల్లమందు జాతి మందు కలిపిన దగ్గు సిరప్ అది. ప్రిస్క్రిప్షన్ లేనిదే ఇవ్వకూడదన్నారు. 2024 ఫిబ్రవరిలోనే ఆ నిర్ణయం వచ్చింది, దురలవాటు అవుతోందని. తేనె, నిమ్మరసం కలిపిన సిరప్ ఒకటి చేతిలో పెట్టారు.

పడుకుంటే దగ్గు కాబట్టి కుర్చీలోనే కూర్చునేదాన్ని. లైబ్రరీ కార్డుతో పాత పత్రికల స్కాన్లు చూడొచ్చు. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇదే జబ్బుతో జనం ఏం చేసేవాళ్లో చూద్దామని తెరిచాను. ఆ పేజీల్లో వార్తల కన్నా మందుల ప్రకటనలే ఎక్కువున్నాయేమో అనిపించింది.

నా చూపు డాక్టర్ జె. కాలిస్ బ్రౌన్ గారి క్లోరోడైన్ మీద పడింది. దాని మూలం మన దేశమే. బ్రౌన్ ఇండియాలో సైనిక వైద్యుడిగా ఉండగా, 1848 ప్రాంతంలో, కలరా కోసం కలిపిన మందది. 1856 నుంచి లండన్‌లో డావెన్‌పోర్ట్ అనే వ్యాపారి అమ్మాడు. అందులో నల్లమందు, క్లోరోఫామ్, గంజాయి సారం ఉండేవి, రుచికి పిప్పర్‌మెంట్. కలరా, విరేచనాలు, ఉబ్బసం, క్షయ, కోరింత దగ్గు, ఏదైనా సరే ఆ చుక్కలే. నకిలీల గొడవ 1864లో కోర్టుకెక్కింది. మందును కనిపెట్టింది బ్రౌనేనని జడ్జి అన్నాడు. ఆ మాటను ఏళ్ల తరబడి ప్రకటనల్లో అచ్చేసుకున్నారు. రోగం నయమవుతుందా లేదా అన్నది కోర్టు తేల్చిన సంగతే కాదు, చదివేవాళ్లకు మాత్రం తేల్చినట్టే ఉంటుంది.

పగలైతే నవ్వుకుని పేజీ తిప్పేసేదాన్ని. కానీ ఆ సీసా పనిచేసేది. నల్లమందు దగ్గును అణుస్తుంది, నిద్ర పట్టిస్తుంది. జబ్బు ఎలాగూ దాని గడువు అది తీసుకుంటుంది, ఈలోగా రాత్రి గడవడమే కదా సమస్య. ఆ సమయంలో ఎవరైనా ఆ సీసా నా ముందు పెట్టి ఉంటే వద్దనేదాన్నని గట్టిగా చెప్పలేను. అప్పటివాళ్లను అమాయకులని తీసిపారేసే వ్యాసాలు చదివితే, ఇవి రాసినవాళ్లు బాగా నిద్రపోయి లేచారులే అనిపిస్తుంది.

అమాయకత్వం కన్నా చట్టంలోని కంత పెద్దది. 1868 ఫార్మసీ చట్టం ప్రకారం నల్లమందు అమ్మితే “విషం” అని చీటీ అంటించాలి. పేటెంట్ మందులకు, అంటే కంపెనీలు సొంత పేరు పెట్టి అమ్ముకునే తయారీ మందులకు, మాత్రం మినహాయింపు. అదే నల్లమందు క్లోరోడైన్‌లో ఉంటే చీటీ అక్కర్లేదు. పైగా ప్రభుత్వం పన్ను కింద ఒక స్టాంపు అంటించేది. షిల్లింగు మందుకు పెన్నీన్నర పన్ను. ఆ స్టాంపు చూసి సర్కారే ఈ మందుకు హామీ ఇచ్చిందని జనం నమ్మేవాళ్లు. కంపెనీలు ఆ నమ్మకాన్ని చెదరనిస్తాయా!

మా ఊరి కథ ఇంకా బాధ పెట్టింది. నాటింగ్‌హామ్ లేసుకు పేరు. ఇంట్లో కూర్చుని లేసు కుట్టే ఆడవాళ్లకు కూలి పనిని బట్టే, గంటను బట్టి కాదు. బిడ్డ ఏడిస్తే పని ఆగుతుంది, పని ఆగితే కూలి లేదు. అందుకని గాడ్‌ఫ్రేస్ కార్డియల్ పట్టేవాళ్లు. అది ట్రీకిల్ అనే చక్కెర పాకంలో నల్లమందు కలిపిన మందు. మత్తులో పడున్న బిడ్డ ఏడవదు, పాలకూ లేవదు. అలా చిక్కి శల్యమై పోయిన పసివాళ్ల గురించి 1840లలో ప్రభుత్వ విచారణ సంఘం నమోదు చేసింది. తల్లులను తిట్టడం తేలిక. ఆ కూలి రేటు పెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు.

కోరింత దగ్గుకే ప్రత్యేకమైన వైద్యాలూ ఉండేవి. తారు ఆవిరి మంచిదని పిల్లలను గ్యాసు ఫ్యాక్టరీ దగ్గరికి తీసుకెళ్లి ఆ గాలి పీల్పించేవాళ్లు. దాన్నే ఇంటికి తెచ్చింది వేపో-క్రెసొలీన్, 1879లో అమెరికాలో మొదలైన సరుకు. చిన్న కిరోసిన్ దీపం మీద గిన్నె, అందులో బొగ్గు తారు నుంచి తీసిన క్రెసాల్. “నిద్రలోనే నయం” అన్నది దాని ప్రకటన. తలుపులు మూసిన గదిలో, దగ్గుతున్న బిడ్డ పక్కన, రాత్రంతా ఆ పొగ!

ఈలోగా అమ్మ రోజూ తెనాలి నుంచి వీడియో కాల్. “కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవే. మిరియాల పాలు తాగుతున్నావా లేదా?”

“తాగుతున్నానమ్మా.”

“శొంఠి వేసుకున్నావా? నీ గొంతు వింటే తెలుస్తోందిలే, వేసుకోలేదు.”

ఆ కాలపు ఇంగ్లిషు అమ్మమ్మలూ ఇంతే. ఛాతీకి బాతు కొవ్వు రాసి పైన గోధుమరంగు కాగితం కప్పడం, అవిసె గింజల ముద్ద కట్టడం, ఆవపిండి పట్టు, బార్లీ నీళ్లు. ఆవపిండి పట్టు ఎక్కువసేపు ఉంచితే బొబ్బలెక్కేవి. అది తప్పిస్తే వీటిలో చాలావాటితో ప్రాణభయం లేదు, ప్రకటన ఖర్చూ లేదు. వేడినీళ్లలో ఫ్రయర్స్ బాల్సమ్ వేసి ఆవిరి పట్టేవాళ్లు. ఇప్పటికీ ఇక్కడ దొరుకుతుంది. కొనుక్కొచ్చి మూత తీస్తే మా పూజగది వాసన. అందులో ముఖ్యమైన సరుకు సాంబ్రాణి మరి. దగ్గు తగ్గిందని చెప్పను గానీ, ఆ కాసేపు గొంతు మెత్తబడేది.

నా సంచిలో ఎప్పుడూ ఉండే పసుపు రంగు అమృతాంజనం కూడా ఆ కాలంలోనే, 1893లో పుట్టింది. బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు లాభాలతోనే కదా ఆంధ్రపత్రిక నడిచింది. మందు అమ్మి పత్రికలో ప్రకటన వేసినవాళ్లు లోకంలో బోలెడు, మందు అమ్మి పత్రికే పెట్టింది ఆయన!

వేసవి వచ్చేసరికి తెరల మధ్య ఎడం పెరిగింది. మొదట వాంతులు ఆగాయి, తర్వాత వరుసగా నాలుగు గంటలు నిద్ర, ఆ తర్వాత పక్కటెముకల నొప్పి పోయింది. చల్లగాలి తగిలితే, మెట్లెక్కితే, గట్టిగా నవ్వితే మాత్రం ఒక తెర వచ్చిపోయేది. నడవగలిగాక గూస్ గేట్ వీధికి వెళ్లాను. 1849లో జాన్ బూట్ మూలికల దుకాణం పెట్టింది ఆ వీధిలోనే. పెన్నీన్నర పన్నుతో కలిపి షిల్లింగు ఒకటిన్నర పెన్నీ పలికే పేటెంట్ మందులను ఆయన కొడుకు జెస్సీ తక్కువ ధరకు అమ్మి ఎదిగాడు. నాకు కోడీన్ దొరకని దేశంలో సగం ఊళ్లలో కనిపించే బూట్స్ మందుల షాపులకు మొదలు అదే.

పాత ప్రకటనల్లో ధ్రువపత్రాలు ఉండేవి. ఫలానా ఊరి పాదరీ గారు, ఫలానా కెప్టెన్ గారు, ఎన్నో మందులు వాడి విసిగి చివరికి దీనితో బాగుపడ్డామని. వాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోను. జబ్బు తగ్గే వారం ఏ సీసా చేతిలో ఉంటే పేరు దానికే పోతుంది. నా విషయంలో ఆ వారం శొంఠి, మిరియాల పాలు నడుస్తున్నాయి. ఇంగ్లండ్ డాక్టర్లు చేతులెత్తేస్తే మిరియాలు నిలబెట్టాయని అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. గుంటూరు పిన్ని పాళ్లు కూడా రాసుకుందట.