లింకన్ ఇచ్చిన 160 ఎకరాలు

లింకన్ అనగానే అందరికీ బానిసత్వ రద్దే గుర్తొస్తుంది. అమెరికాలో ప్రభుత్వ భూమిని సాగు కోసం ఉచితంగా పంచిన, 1862 మే 20న ఆయన సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం గురించీ అంతే గట్టిగా మాట్లాడుకోవాలి.

21 ఏళ్లు నిండినవాళ్లు గానీ ఇంటి పెద్ద గానీ ల్యాండ్ ఆఫీసులో దరఖాస్తు పెడితే 160 ఎకరాల వరకు దక్కేది. అమెరికా మీద ఆయుధం పట్టినవాళ్లకు మాత్రం లేదు. పెళ్లికాని ఆడవాళ్లకూ అర్హత ఉంది, ఆ కాలానికి అది చాలా పెద్ద విషయం. అక్కడే ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు సాగు చేసి, ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకుంటే పట్టా చేతికొచ్చేది. రుసుములన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. అంతకాలం ఆగలేకపోతే ఆరు నెలలు కాపురం ఉండి, ఎకరానికి 1.25 డాలర్లు కట్టి కొనేసుకోవచ్చు. బినామీలు దూరింది ఈ సందులోంచే.

భూమి ఉచితమే గానీ ఎడ్లు, నాగలి, విత్తనాలు, బావి, కంచె ఖర్చంతా రైతుదే. దానికి తోడు పడమటి మైదానాల్లో ఏడాదికి 20 అంగుళాల వాన కూడా సరిగా పడదు. తూర్పున ఒక కుటుంబానికి ధారాళంగా సరిపోయే 160 ఎకరాలు అక్కడ తిండిగింజలకే చాలేవి కావు. ఎంతోమంది మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయారు. మెట్ట ప్రాంతాల్లో ఆ పరిమితిని 320 ఎకరాలకు పెంచింది 1909లో. పంచిన భూమిలో చాలా భాగం అంతకుముందు అక్కడి ఆదివాసులదే.