తాళంచెవులు పైవాటాకు

రాత్రి పదకొండున్నర. మా ఆయన గురక పెడుతున్నారు. నాకు నిద్ర పట్టనిది తాళంచెవుల వల్ల అంటే నవ్వుతారని ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మా పక్కింటి సారూ, ఆయన భార్య అక్కా నిన్న అర్ధరాత్రి కారెక్కారు. చెన్నై వెళ్లి అక్కడి నుంచి రెండు విమానాలు. ఉగాండాలో ఒక మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లు. ఆయన లెక్కలు చూస్తారట, ఆమె నర్సు పిల్లలకు పని నేర్పుతుందట. ఆయనకు 67, ఆమెకు 63. పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా లేనిదే ఆ దేశంలోకి రానివ్వరు. 60 దాటినవాళ్లకు ఆ టీకా వేయడానికి డాక్టర్లే వెనకాడతారు. అయినా చెన్నైలో గిండీ దాకా వెళ్లి వేయించుకుని వచ్చారు. పెట్టె 23 కిలోలు దాటకూడదని నా చింతకాయ తొక్కు తీసేసి బీపీ మిషను పెట్టుకుంది అక్క. అది కూడా మనసులో పెట్టుకోలేదు నేను.

కానీ ఇంటి తాళంచెవులు పైవాటాలో అద్దెకున్నవాళ్లకు ఇచ్చింది! వాళ్లు వచ్చి ఎనిమిది నెలలు. మాది 22 ఏళ్ల గోడ. నాకేమో మల్లెపాదుకు నీళ్లు పోసే పని అప్పగించింది. గేటుకు తాళం వేసి ఉంటే నీళ్లెలా పోయను? గోడ మీది నుంచి గొట్టం పట్టుకుని, నైటీ తడుపుకుంటూ పోశాను సాయంత్రం. పైవాటా అమ్మాయి బాల్కనీలోంచి చూసి నవ్వింది, పాపం మంచి పిల్లే.

అత్తయ్యకు పక్షవాతం వచ్చిన ఏడాది గుర్తొస్తోంది. వీపు మీద పుండ్లు పడ్డాయి. అక్క రాత్రి డ్యూటీ ముగించుకుని, తన ఇంటి గడప కూడా తొక్కకుండా ఇటే వచ్చేది. పుండ్లు కడిగి, కట్టు కట్టి, గడియారం కింద కాగితం అంటించింది: కుడి, ఎడమ, వెల్లకిలా, రెండు గంటలకొకసారి. నేను ఒక్క వంతు తప్పినా వీపు చూసి పట్టేసేది. అత్తయ్య మడి సంగతి మీకు తెలియనిది కాదు. అక్క ఒకే ఒక్కసారి అడిగింది, "అమ్మా, ప్రార్థన చేసుకోనా?" అని. అత్తయ్య గొంతు అప్పటికే ముద్దగా ఉండేది, "మనసులో చేసుకో" అంది. అక్క కళ్లు మూసుకుని మనసులోనే చేసుకుంది. అత్తయ్య పోయాక ఇంటికి సున్నం వేయించినప్పుడు కూడా ఆ కాగితం పీకనివ్వలేదు నేను.

అందుకే మొన్న వీడ్కోలు ప్రార్థనలో సారుతో గొడవ పడ్డాను. రోగులు చిత్తూరులో లేరా అన్నాను. ఆయన స్కడ్డర్ల కథ ఎత్తుకున్నారు, మిషనరీ డాక్టర్ల కుటుంబం వాళ్లది. 1819లో జాన్ స్కడ్డర్ అమెరికా నుంచి ఓడెక్కడం, ఆయన మనవరాలు ఐడా 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టడం. అక్క నర్సు చదివింది వేలూరులోనే. "ఆ బాకీ ఎక్కడో ఒకచోట తీరాలి కదమ్మా" అన్నారు. అమెరికావాళ్లకు ఉన్న బాకీ ఉగాండాకు కట్టడం ఏమి లెక్క? ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి!

ఇందాక పడుకోబోతూ మా ఆయన ఒక మాట అన్నారు. "2019లో వాళ్ల తాళంచెవుల గుత్తి కాణిపాకంలో పోగొట్టింది ఎవరు?" నిజమే. వినాయక చవితి జనంలో నడుముకు దోపుకున్న గుత్తి ఎక్కడో జారిపోయింది. సారు తాళం పగలగొట్టించి లోపలికి వెళ్లారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి నేను నిజంగానే మరిచిపోయాను. అక్క మరిచిపోలేదన్నమాట. సరే, ఇవ్వకపోవడం న్యాయమే. అయినా గేటు తాళంచెవి ఒక్కటైనా ఇవ్వొచ్చు. గేటు ముందు నిలబడి అడుగుదామనే అనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది, అడగలేకపోయాను.

అక్కడ ఇప్పుడు తొమ్మిది అయి ఉంటుంది, మనకంటే రెండున్నర గంటలు వెనక. దిగినట్టు మెసేజీ ఇంకా రాలేదు.

వాళ్ల వరండాలో లైటు వెలుగుతోంది. నిన్న బయలుదేరే తొందరలో ఆర్పడం మరిచిపోయినట్టున్నారు. స్విచ్చి లోపల ఉంది. పైవాటా వాళ్లను ఈ వేళప్పుడు ఏమని లేపను?