సంత రోజు మాత్ర

ఆ స్ట్రిప్పును లైటు కిందకు పట్టుకుని చూశాను. పది గుంతల్లో తొమ్మిది ఖాళీ. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రలు, 7.5 మి.గ్రా. అవ్వ మా వార్డు నుంచి ఇంటికి వెళ్ళి కూడా సరిగ్గా తొమ్మిది రోజులే.

నోరు తెరవమంటే తెరవలేకపోయింది. పెదవుల లోపల, నాలుక అంచున తెల్లటి పుండ్లు. మూడు రోజులుగా సంగటి ముద్ద దిగలేదట, మజ్జిగ తాగినా మండుతోందట. రక్త పరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ బాగా పడిపోయాయి.

"వారానికి అని నువ్వే గదమ్మా చెప్పింది. వారం దినాలు తిన్నా. నొప్పులు తగ్గినాయి గదా అని ఇంకో రెండు తిన్నా."

అవును, నేనే చెప్పాను. డిశ్చార్జి రోజు ఆమెకు మందులు అప్పజెప్పింది నేనే. "ఇది వారానికి అవ్వా" అన్నాను. వారానికి ఒకసారి అని నా మనసులో ఉంది. వారానికి సరిపడా అని ఆమె చెవిన పడింది. జ్వరం మాత్రలిచ్చి "ఇవి ఐదు రోజులకు" అంటాం కదా, ఇదీ అలాంటిదే అనుకుంది. ఆమె విన్నదాంట్లో తప్పేమీ లేదు. అవతల ఇంకో ముగ్గురు డిశ్చార్జి కాగితాల కోసం నిలబడి ఉన్నారని నేనే మాటను సగంలో వదిలేశాను.

తిరుపతిలో 11 ఏళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. జీఎన్ఎం నర్సింగ్ కోర్సులో మోతాదు అంటే మిల్లీగ్రాములే బట్టీ పట్టాం. ఒక డోసుకూ ఇంకో డోసుకూ మధ్య ఎడం కూడా మోతాదేనని నాకు ఆ నోటి పుండ్లు చూశాక గానీ ఒంటబట్టలేదు.

కీళ్ళవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, మెథోట్రెక్సేట్ వారంలో ఒక్క రోజే. ఒంట్లో కణాలు కొత్తగా పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, ఈ మందు దాని పనికి అడ్డుపడుతుంది. త్వరత్వరగా పుట్టే కణాలకే ముందు దెబ్బ: నోటి లోపలి పొర, పేగు, ఎముక మూలుగ. వారంలో మిగతా ఆరు రోజులూ అవి కోలుకోవడానికి. రోజూ మింగితే ఆ వ్యవధే ఉండదు. అందుకే క్యాన్సర్‌కు ఇచ్చేదానితో పోలిస్తే ఎంతో చిన్న మోతాదైనా రోజూ పడితే ప్రాణం మీదికి తెస్తుంది. కిడ్నీ బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు మరీ ప్రమాదం. మూత్రంలో మంటకని ఎవరైనా కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కలిపి రాస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పండి, ఆ రెండూ కలిస్తే మూలుగ ఇంకా దెబ్బతింటుంది.

ఈ మందు పుట్టుకలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చెయ్యి ఉందని చదివిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి ఎదురు తిరిగే మందులనూ తయారుచేసింది. ఇవాళ నా ట్రేలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. మెథోట్రెక్సేట్ ఒక రోజు, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. వేరే రోజు. చాలాసార్లు రెండూ పసుపుపచ్చటి చిన్న మాత్రలే, చదువు రాని అవ్వకు తేడా ఎలా తెలుస్తుంది?

ఇంకో సంగతి. ఆమెకు ఆ కొద్ది రోజుల్లో నొప్పి తగ్గించింది అసలు ఈ మాత్ర కాదు. దీని గుణం కనపడాలంటే ఆరు వారాలైనా పడుతుంది. తగ్గించింది దానితోపాటు రాసిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. ఆ మేలు దీని ఖాతాలో వేసుకుని ఇంకో రెండు మింగింది. ఏ మాత్ర ఎప్పటికి పనిచేస్తుందో కూడా చెప్పి పంపాలని నాకు అప్పుడు తట్టింది.

అవ్వకు మెథోట్రెక్సేట్‌కు విరుగుడైన ల్యూకోవోరిన్ ఇంజెక్షన్లు, నోటికి పుక్కిలింత, గొట్టం ద్వారా జావ. రెండు వారాలకు కోలుకుంది.

ఎడం గురించి అంటే నా మొదటి ఏడాది నైట్ డ్యూటీ కూడా చెప్పాలి. కడుపు ఆపరేషన్ అయిన ఒకాయనకు నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు, అంతకుముందు మత్తు కలిగించే మిడజోలమ్ కూడా పడింది. గురక పెడుతున్నాడు. "పాపం, ఇప్పటికి బాగా నిద్రపోతాండాడు" అని ఆయన భార్య నెమ్మదిగా కూర్చుంది. ఆక్సిజన్ పెట్టి ఉంది, మానిటర్‌లో రక్తంలో ఆక్సిజన్ 98 శాతం చూపిస్తోంది. నేనూ ముందుకు నడిచాను. సీనియర్ అక్క నన్ను వెనక్కి పిలిచి, ఆయన ఛాతీ మీద నా అరచెయ్యి పెట్టించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టమంది. నిమిషానికి ఏడే శ్వాసలు. ఒక్కో శ్వాస మధ్య నా చెయ్యి కదలకుండా ఉండిపోయిన ఆ క్షణాలు ఇప్పటికీ అరచేతిలో ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆ 98ని నమ్మకండి, శ్వాస తగ్గినా అది చాలాసేపు బాగానే చూపిస్తుంది. పిలిస్తే పలుకుతున్నాడా, కళ్ళు తెరిచి మళ్ళీ మాట మధ్యలోనే మూస్తున్నాడా అన్నది ముందు చూడాలి.

డాక్టరుగారు పరుగున వచ్చి మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఇచ్చారు. 400 మైక్రోగ్రాముల మందున్న చిన్న గాజు ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేసి, ఒక్కో మి.లీ. మెల్లగా. ఒకేసారి తోసేస్తే నొప్పి మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. మూడో మి.లీ.కి కళ్ళు తెరిచాడు. నేను లేవబోతుంటే అక్క "కూర్చో, ఇది మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది" అంది. ముప్పావు గంటకు మళ్ళీ శ్వాస ఎనిమిదికి పడింది.

ఇదంతా చదివి మార్ఫిన్ అంటే భయపడొద్దు. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి "అలవాటైపోతుందేమో" అని మందు ఆపించే ఇంటివాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మామూలు మాత్రగా ఇస్తే నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా, గడియారం ప్రకారం ఇవ్వాలి. తోడుగా విరేచనం సాఫీగా అయ్యే మందూ ఇవ్వాలి. బీరువాకు రెండు తాళాలు, రిజిస్టరులో సంతకాలు, ఖాళీ ఆంప్యూల్ లెక్క అన్నీ ఉంటాయి. ఆ పని ఎక్కువని మందు ఆలస్యం చేయకూడదు.

ప్రెడ్నిసొలోన్‌ది ఇంకో రకం, దానికి ఎడమే ఉండకూడదు. మాల వేసుకున్నామనో, ఒక్కపొద్దు అనో, కొండకు నడిచి ఎక్కాలి తేలిగ్గా ఉంటుందనో మానేస్తుంటారు. వారాల తరబడి వాడినవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరుగారు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాల్సిందే.

అవ్వకు రెండు నెలల తర్వాత, రక్తం మళ్ళీ చూసి, అదే మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. ఈసారి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "అవ్వా, వారంలో నువ్వు మర్చిపోని రోజు ఏది?" అన్నాను. "బుధవారం. మా ఊర్లో సంత." నాలుగే మాత్రలు కత్తిరించి విడిగా కవరులో వేసి, మీద సంచీ బొమ్మ గీశాను. మనవడి చేత బుధవారం అని రాయించాను. ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాను, రెండుసార్లు.

నెలకు వచ్చింది. కవరులో ఒక మాత్ర మిగిలే ఉంది.

"వాన పడి ఆ వారం సంత జరగల్యా తల్లీ. నేనేం చేసేది?"

నాకు అది తోచనే లేదు. రెండు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చని, దాటిపోతే వదిలేసి మళ్ళీ బుధవారం దాకా ఆగాలని, రెండూ కలిపి ఎప్పుడూ మింగకూడదని చెప్పాను. కవరు మీద సంచీ పక్కన వాన చినుకులు గీశాను. "సంత లేకపోయినా బుధవారం బుధవారమే అవ్వా" అంటే, కవరును కొంగున ముడి వేసుకుంటూ, "అట్లే లే" అంది.