జాక్ పైన్ పొదల్లో పసుపు పిట్ట

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన గ్రేలింగ్ ఊరి చుట్టూ ఉన్న జాక్ పైన్ అడవి చూడటానికి అడవిలా ఉండదు. నేలంతా ఇసుక, మనిషి ఎత్తు దాటీ దాటని గుబురు చెట్లు, మధ్యమధ్యలో బోసి ఖాళీలు. హైవే మీద పోయేవాళ్లు అటు తల కూడా తిప్పరు. కిర్ట్‌ల్యాండ్స్ వార్బ్లర్ అనే పసుపు పిట్టకి మాత్రం అదే కావాలి. ఆ జాతి పిట్టల్లో చాలా భాగం గూడు కట్టుకునేది ఈ ప్రాంతంలోనే. విస్కాన్సిన్‌లో, కెనడాలోని ఒంటారియోలో కొన్ని ఉన్నాయి, అంతే.

జూన్ మొదట్లో డెట్రాయిట్ శివారు నుంచి బయల్దేరాం. నాతో వచ్చినాయన విజయనగరం వైపు మనిషి, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది. పక్షుల ఫొటోలు తియ్యడం నాకు నేర్పింది ఆయనే. అన్నా అని పిలుస్తాను. ఐ-75 హైవే మీద మూడు గంటల దారి. రాత్రి గ్రేలింగ్‌లో పడుకుని, తెల్లారేసరికి హార్ట్‌విక్ పైన్స్ స్టేట్ పార్క్‌కి చేరాం. అక్కణ్ణుంచి గైడ్ కారు వెనకాల మా కార్లన్నీ వరసగా అడవి రోడ్డు పట్టాయి.

గైడ్ ముందే రెండు మాటలు గట్టిగా చెప్పింది. రోడ్డు దిగకూడదు. ఫోన్‌లో పిట్ట పాట పెట్టి పిలవకూడదు. ఈ పిట్ట గూడు నేల మీదే, కింది కొమ్మల చాటున గడ్డిలో ఉంటుంది. ఒక్క అడుగు తప్పు పడితే పిల్లలు పోతాయి. పాట పెడితే, తన చోటు లాక్కోడానికి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని తిండి మానేసి వెతుకుతుంది. మంచి ఫొటో కోసం ఈ నియమాలు పక్కన పెట్టేవాళ్లని నేను చూశాను. అలా తీసిన ఫొటో ఎంత బాగున్నా నాకు నచ్చదు.

సూర్యుడు చెట్ల పైకి వచ్చేసరికి పాట వినిపించింది. ఇంత చిన్న పిట్టకి అంత గొంతా అనిపించింది. "చిప్ చిప్ చె చె వీ వీ" అంటూ కింది స్థాయిలో మొదలై పైకి ఎగిసే పాట.

"అదేనా అన్నా?"

"అదే. కెమెరా ఎత్తకు. ముందు కళ్లారా చూసుకో."

ఒక ఎండిన పైన్ కొమ్మ చివర కూచుంది. కడుపంతా నిమ్మపండు పసుపు, పక్కల నల్లటి గీతలు, వీపు నీలం కలిసిన బూడిద రంగు, కంటి చుట్టూ తెగిన తెల్లటి వలయం. బరువు 14 గ్రాములుంటుందేమో. కూచున్నంతసేపూ తోక కిందికీ పైకీ ఆడిస్తూనే ఉంటుంది. ఆ తోక వల్లే ఫొటో కష్టం. షట్టర్ స్పీడ్ సెకనులో 1/1600 వంతు కంటే నెమ్మదిగా పెడితే తోక మసకే. పైగా ఎండ ఎక్కేకొద్దీ ఇసుక మీంచి వేడిగాలి లేచి దూరపు బొమ్మ వణుకుతుంది, కాబట్టి పని అయ్యేది పొద్దున్నే. పసుపు వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, పాడటానికి నోరు తెరిచేదాకా ఆగాను. ఆ ఒక్క ఫ్రేమ్‌లో దాని నోటి లోపలి రంగు కూడా కనబడుతోంది.

ఈ పిట్ట ఇక్కడ ఉండటం దానంతట అది జరిగింది కాదు. జాక్ పైన్ కాయలు చాలావరకు మంట వేడికే విచ్చుకుంటాయి. అడవి కాలితేనే కొత్త మొక్కలు గుంపుగా లేస్తాయి. చెట్ల వయసు సుమారు 5 ఏళ్ల నుంచి 20 ఏళ్ల దాకా ఉన్నంతకాలమే ఈ పిట్టకి పనికొస్తాయి. ముదిరితే కింది కొమ్మలు ఎండిపోయి గూటికి చాటు ఉండదు. మంటలు ఆర్పడం మొదలయ్యాక లేత అడవి తగ్గిపోయింది. దానికి తోడు కౌబర్డ్ అనే పిట్ట బెడద. మన కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టు, అది వీటి గూళ్లలో పెడుతుంది. 1974లో పాడే మగపిట్టలు లెక్కకి 167 దొరికాయి. 1987లోనూ అంతే.

అన్న ఇక్కడ 1980 సంగతి చెప్పాడు. ఈ పిట్ట కోసమే మియో ఊరి దగ్గర అటవీ సిబ్బంది పెట్టిన మంట అదుపు తప్పి 20 వేల ఎకరాలు దాటి కాల్చేసింది. ఇళ్లు పోయాయి, ఆ శాఖ ఉద్యోగి ఒకతను చనిపోయాడు. ఆ కాలిన నేల మీదే పదేళ్లు తిరిగేసరికి లేత అడవి లేచి, పిట్టలు పెరగడం మొదలైంది. అది విన్నాక ఆ రోడ్డు మీద చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇప్పుడు ముదిరిన చెట్లని కొట్టి, మధ్యలో ఖాళీలు వదిలి, ఏటా కొన్ని వేల ఎకరాల్లో మొక్కలు నాటుతున్నారు. 1972 నుంచి ఏళ్ల తరబడి కౌబర్డ్‌లని వలపంజరాలతో పట్టారు. 2019లో ఈ పిట్టని అమెరికా అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. 2021 లెక్కలో 2,245 జతలు తేలాయి. నాటడం ఆగితే మాత్రం ఒక తరం చెట్లు ముదిరేలోపే లెక్క మళ్లీ పడిపోతుంది. చలికాలం గడిపే బహామా దీవుల్లో వానలు తగ్గినా దీనికి దెబ్బే.

వెళ్లాలనుకుంటే మే చివర నుంచి జూన్ నెలాఖరు లోపు వెళ్లండి. జూలై నడిస్తే మగపిట్టలు పాట తగ్గిస్తాయి, పాట లేకుండా ఆ గుబుర్లలో దీన్ని వెతకలేం. 400 ఎంఎం లెన్స్ అయినా ఉండాలి. దోమల మందు మరవద్దు.