జడ్జి కుర్చీకి తగినవారిని ఎంచడం

విశాఖ న్యాయ కళాశాలలో మాకు రాజ్యాంగం బోధించిన మాస్టారు, విద్యార్థులు అభ్యాసం కోసం నడిపే మూట్ కోర్టు జరిగేటప్పుడు వాదించేవారికంటే జడ్జి స్థానంలో కూర్చున్న విద్యార్థినే ఎక్కువగా గమనించేవారు. ఓడిపోయేలా ఉన్న పక్షం మాట్లాడుతుంటే అతను కాగితాలు తిరగేస్తున్నాడా, వాక్యం పూర్తికాకుండానే అడ్డు తగులుతున్నాడా, తెలుసుకోవడానికి ప్రశ్నిస్తున్నాడా లేక తనకు తెలిసింది చూపించుకోవడానికా అన్నవన్నీ రాసుకుని, తరువాత ఆ ఒక్కడినే పక్కకు పిలిచి చెప్పేవారు.

జడ్జి పదవికి వచ్చేవారిని ఎలా అంచనా వేయాలన్న పాఠాన్ని ఆయన లీలాధర్ కేసుతో మొదలుపెట్టారు. రాజస్థాన్ న్యాయ సర్వీసు ఎంపికలో మౌఖిక పరీక్షకు 25 శాతం మార్కులు ఉండటం తప్పు కాదని 1981లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారు కావడం మాకు గర్వంగా ఉండేది. కళాశాల సీటుకు వచ్చే పిల్లల వ్యక్తిత్వం ఇంకా రూపుదిద్దుకోదు కనుక అక్కడ రాతపరీక్షకే పెద్దపీట వేయాలని, పరిణతి వచ్చాక కొలువుకు వచ్చేవారి విషయంలో ముఖాముఖికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చని జస్టిస్ చిన్నపరెడ్డి అందులో వివరించారు.

కాసేపటి ముఖాముఖిలో మనిషి ఓర్పు ఎలా బయటపడుతుందని మేము అడిగితే, మాస్టారు అమెరికా పద్ధతిని చెప్పారు. అక్కడి న్యాయవాదుల సంఘమైన బార్ అసోసియేషన్ కమిటీ 1953 నుంచి ఫెడరల్ (కేంద్ర) జడ్జి పదవుల అభ్యర్థుల నిజాయితీని, వృత్తి సామర్థ్యాన్ని, స్వభావాన్ని పరిశీలించి, మిక్కిలి అర్హులనో, అర్హులనో, అర్హులు కారనో అభిప్రాయం చెబుతోంది. వారి రాతలు చదవడమే కాక, వారికి ఎదురుగా వాదించిన వకీళ్లను కూడా గోప్యంగా విచారిస్తుంది. ఈ చివరి సంగతి నా మనసులో గట్టిగా నాటుకుంది. సీనియర్ జడ్జీలే కొత్త జడ్జీల పేర్లు సిఫార్సు చేసే మన కొలీజియం వ్యవస్థలోనూ విచారణ ఉంటుంది కానీ, ఇలాంటి శ్రేణులు ప్రకటించరు.

కొలబద్ద ఏదైనా ముందే చెప్పాలని మాస్టారు పట్టుబట్టేవారు. కేరళ జిల్లా జడ్జీల ఎంపికలో, మౌఖిక పరీక్ష ముగిశాక దానికి కనీస మార్కులు విధించడం చెల్లదని 2023లో శివానందన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చినప్పుడు ఆయనే గుర్తుకొచ్చారు.

న్యాయవాదిగా మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలన్న, 2002లో ఎత్తివేసిన నిబంధనను సుప్రీంకోర్టు 2025 మేలో పునరుద్ధరించింది కనుక, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయదలచినవారు ఇప్పుడు పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చే ధ్రువపత్రం కోసం వస్తారు. ఆ పత్రం ప్రాక్టీసు కాలాన్ని మాత్రమే చెబితే చాలదు; ఆ మూడేళ్లలో వారికి ఎదురు నిలిచి వాదించిన వకీళ్ల అభిప్రాయాన్నీ జతచేయాలని మా కళాశాల పూర్వ విద్యార్థులందరం కలిసి హైకోర్టుకు విన్నవించాలని నా కోరిక.