పదిహేడో ఎక్కం

ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి నా దవడ లాగడం మొదలైంది. వీపు మధ్యలో బరువు, ఒళ్లంతా చెమటలు, కడుపులో తిప్పు. ఛాతీలో నొప్పి మాత్రం లేదు. గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకున్నాను. తెల్లవారుజామున మా ఆయన బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి బతికాను. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చూసి గుండెపోటు అన్నారు. మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి స్టెంట్ వేశారు. ఆడవాళ్లలో గుండెపోటు ఇలా దవడలోనూ వీపులోనూ బయటపడొచ్చని అప్పుడే తెలిసింది. అక్కచెల్లెళ్లారా, ఇలాంటిది వస్తే తెల్లారేదాకా ఆగకండి.

అసలు భయం ఇంటికొచ్చాక మొదలైంది. గుండె పంపింగ్ 45 శాతానికి తగ్గిందన్నారు. బాత్రూమ్ దాకా వెళ్లొస్తే చాలు, గుండె చప్పుడు చెవుల్లో వినిపించేది. మళ్లీ వస్తోందేమోనని టెన్షన్. మంచం దిగడం మానేశాను. డాక్టరుగారేమో రోజూ నడవమన్నారు. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పైగా ఏప్రిల్‌లో విజయవాడ ఎండలు.

అప్పుడు మా తమ్ముడు స్టెప్పర్ కొనుక్కొచ్చాడు, ఉన్నచోటే నిలబడి మెట్లెక్కినట్టు తొక్కే యంత్రం. రెండు పెడళ్లు, వాటి కింద రెండు సిలిండర్లు, అడుగులు లెక్కపెట్టే చిన్న మీటరు. వారం రోజులు దాని వంక చూడటానికే భయమేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి చూసింది. డాక్టరుగారితో మాట్లాడి, పూటకి రెండు నిమిషాలతో మొదలుపెట్టమంది.

"వాచీలో అంకె చూడకండమ్మా. మీరు వేసుకునే మెటోప్రొలాల్ గుండెను వేగంగా కొట్టుకోనివ్వదు, అంకె తక్కువే చూపిస్తుంది. ఊపిరి చూసుకోండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ మీ వేగం" అంది.

నేను లెక్కల టీచర్ని. గోడకు అరచెయ్యి ఆనించి, పెడళ్ల మీద నిలబడి, పదిహేడో ఎక్కం పైకి చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు "పదిహేడు ఆర్లు నూట రెండు" దగ్గర ఊపిరి తెగింది. భయంతో గబుక్కున దిగబోయాను. అలా ఒక్కసారిగా ఆగితే కళ్లు తిరుగుతాయి, వేగం తగ్గించుకుంటూ ఆపమని ఆ అమ్మాయి ముందే చెప్పింది. మా అమ్మాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర చేతిలో పట్టుకుని. ఆ మాత్ర అవసరం ఒక్కరోజూ రాలేదు. అయినా అది అక్కడ ఉండబట్టే మళ్లీ ఎక్కగలిగాను.

మొదట్లో మునివేళ్ల మీద తొక్కేదాన్ని. పిక్కలు పట్టేశాయి, మోకాళ్లు సలిపాయి. పాదమంతా పెడల్ మీద ఆనించి, మోకాలు పూర్తిగా బిగించకుండా, నడుము వంచకుండా తొక్కాలని సరిదిద్దాక ఆ బాధ పోయింది. తిన్న వెంటనే ఎక్కకూడదు. మూడు నాలుగు రోజులకొక నిమిషం పెంచుకుంటూ పోయాను. నెల దాటాక ఒకరోజు పావుగంట అయ్యేసరికి పెడళ్లు మెత్తబడి సర్రున కిందికి దిగిపోతున్నాయి. చెడిపోయిందనుకున్నాను. సిలిండరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. లోపలి నూనె వేడెక్కితే పలచబడి పట్టు తగ్గుతుందట. చల్లారనిస్తే మామూలైపోయింది. అప్పటినుంచి ఉదయం పన్నెండు నిమిషాలు, సాయంత్రం పన్నెండు నిమిషాలు తొక్కాను.

ఇప్పుడు గుండె చప్పుడు వినిపిస్తే భయపడను. పని చేస్తోంది, అందుకే కొట్టుకుంటోంది అనుకుంటాను. జూన్ మొదట్లో ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే పంపింగ్ 55 శాతం వచ్చింది. స్టెంట్, మాత్రలు లేకుండా ఒక్క స్టెప్పర్‌తో ఇది జరిగేది కాదు. కానీ మంచం మీద నుంచి నన్ను లేపింది మాత్రం అదే.

బడి తెరిచిన రోజు హెడ్‌మాస్టరుగారు కింది గది ఇస్తానన్నారు. వద్దని, నా పాత ఎనిమిదో తరగతికే వెళ్లాను, పై అంతస్తుకి. మెట్ల మలుపులో ఒక్క క్షణం ఆగి, ఎక్కం అందుకున్నాను. పదిహేడు పదులు నూట డెబ్బై దాకా ఊపిరి తెగలేదు. లోపలికెళ్లి హాజరు వేశాను.