అమ్మ వద్దన్న గొట్టం

పదహారేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది 'లామా'. డాక్టర్ వద్దన్నా తీసుకెళ్తున్నామని బంధువులు సంతకం పెట్టి పేషెంటును ఇంటికి తీసుకుపోతారు. డబ్బులు అయిపోయి కొందరు, ఇక లాభం లేదని తెలిసి కొందరు. అంబులెన్సులో చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ నొక్కుతూ వెళ్లేది మాలో ఒకరు. ఇంటి గుమ్మంలో ఊపిరి గొట్టం తీసేదీ మేమే. కాగితం మీద మాత్రం భారమంతా బంధువులదే.

అలాంటి ఒక రాత్రి గురించి ఇంట్లో చెబుతుంటే అమ్మ వింది. ఒక హాస్టల్లో 22 ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండిన మనిషి. ఆ పొగకు ఊపిరితిత్తులు దెబ్బతిని సీఓపీడీ వచ్చింది. "నాకు మాత్రం ఆ గొట్టాలు వేయించకే. ముందే రాసిస్తాను, ఎక్కడ రాయాలో చెప్పు" అంది.

ఎక్కడ రాయాలో నాకూ సరిగ్గా తెలీదు. నర్సింగ్ చదివేటప్పుడు అరుణా శాన్‌బాగ్ గురించి మాత్రం విన్నాం. ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు. 1973లో దాడికి గురై, 2015లో పోయేదాకా అక్కడే మంచం మీద ఉంది. తోటి నర్సులే చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపాలని వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆమె తరఫున మాట్లాడాల్సింది ఇన్నేళ్లూ చూసుకున్న ఆస్పత్రి సిబ్బందే అంది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల ధర్మాసనం లివింగ్ విల్, అంటే ఇక కోలుకోనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితం, చెల్లుతుందని చెప్పింది, కానీ మేజిస్ట్రేట్ సంతకం కావాలని పెట్టింది. ఆ పని మీద కోర్టుకు ఎవరు తిరుగుతారు? 2023 జనవరి 24న దాన్ని సడలించి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలన్నారు.

చదవడానికి సులువుగానే ఉంది. మొదటి నోటరీ "ఆస్తి వివరాలు ఏవి?" అని అడిగాడు. ఆస్తి కాదు, ప్రాణం సంగతి అంటే, అలాంటివి నేను చేయను పొమ్మన్నాడు. చివరికి మా వీధి చివర ఉండే గెజిటెడ్ హెడ్మాస్టర్ గారు తీర్పు ప్రింటవుట్ రెండుసార్లు చదివి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని "మీ అంతట మీరే రాయిస్తున్నారా అమ్మా?" అని అడిగి సంతకం పెట్టారు. సాక్షులు ఇద్దరూ బయటివాళ్లయితే మంచిదని, పక్కింటి రిటైర్డ్ టీచర్‌నూ కిరాణా కొట్టాయననూ పిలిచాం. అమ్మ చెప్పలేని స్థితిలో ఉంటే మాట్లాడాల్సిన మనిషిగా నా పేరు రాయించింది. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టర్‌కి. ఇంకో కాపీ స్థానిక సంస్థలో ఉండాలి. మున్సిపల్ ఆఫీసులో ఏ సెక్షన్ వాళ్లూ మాది కాదన్నారు. మూడో రోజు ఇన్‌వర్డ్‌లో ఇచ్చేసి ముద్ర వేయించుకుని వచ్చాను. అది ఇప్పుడు ఏ బీరువాలో ఉందో దేవుడికే తెలియాలి.

ఏడాది తిరక్కుండానే న్యుమోనియా. మేము ఇంటి నుంచి బయల్దేరేటప్పటికి రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 74కి పడిపోయింది. మాస్కుతో గాలి పంపే బైపాప్ పెట్టారు, రెండు గంటల్లో మగతలోకి జారిపోయింది. వెంటిలేటర్ వేయాలన్నాడు డ్యూటీ డాక్టర్. తమ్ముడు ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీశాడు. "అక్కా, అమ్మ వద్దంది కదా."

ఆ కాగితం కోసం కాళ్లరిగేలా తిరిగింది నేనే. అయినా వేయమన్నాను. అది కోలుకునే ఆశ లేని జబ్బుకు రాసింది, ఇది ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్స్‌కు లొంగొచ్చు అన్నాను. వాడు ఒకటే మాట అన్నాడు. "అంటే నీకు సరే అనిపించినప్పుడే చెల్లుతుందా అది?" చట్టం ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు. కానీ అలా అనేశానే గానీ, వాడి ముఖం చూడలేకపోయాను.

నాలుగో రోజుకీ గొట్టం తీయలేకపోయారు. మెడ దగ్గర చిల్లు పెట్టే మాట వచ్చింది. అప్పుడు పెద్ద డాక్టర్ గారు పద్ధతి చెప్పారు. ఇక బాగుపడదని తేలితే ముందు ఒక బోర్డు: ఆయనతో పాటు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు స్పెషలిస్టులు. వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలి. తర్వాత రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టర్ ఒకరు. ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కు తెలియజేసి గొట్టం తీయాలి. లెక్కపెట్టుకున్నాను, ఆరుగురు డాక్టర్లు. నర్సు ఒక్కరూ లేరు. 2011లో నర్సులను దగ్గరివాళ్లన్నారు, బోర్డు దగ్గరికి వచ్చేసరికి మేం గుర్తుకు రాలేదు. పన్నెండు గంటలు మంచం పక్కన నిలబడేది ఎవరు మరి?

ఆ రాత్రే నైట్ సిస్టర్ బయటికి వచ్చి అడిగింది. "అక్కా, గొట్టంలో కఫం తీయడానికి సక్షన్ చేస్తుంటే అమ్మగారు నా చెయ్యి పట్టుకుని తోసేస్తున్నారు. చేతులు కట్టేయనా?"

గొట్టం పీకేసుకుంటారేమోనని కడతాం, అది డ్యూటీలో భాగం. నేనైతే అడగకుండానే కట్టేదాన్ని. ఎన్నిసార్లు కట్టానో కూడా గుర్తులేదు. చెయ్యి తోయడం మగతలో చేసిన పనా, లేక ఆమె మళ్లీ వద్దని చెప్పడమా? అది డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు కనిపించదు, కేస్ షీట్‌లో "పేషెంట్ రెస్ట్‌లెస్" అని ఒక లైనుగా మిగులుతుంది. కట్టొద్దు, నేను పట్టుకుంటాను అని లోపలికి వెళ్లాను. తెల్లారే దాకా పట్టుకున్నాను.

బోర్డు దాకా పోలేదు. ఆరో రోజు గొట్టం తీశారు. రెండు రోజులు గొంతు పెగల్లేదు. పెగిలాక అమ్మ మొదటి మాట, "రాసింది చదవలేదా?"

చెప్పాను. అమ్మ విని చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చిన నెలకు, ఆ కాగితాన్ని మార్చి రాయించాలంది. ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, కొత్తది రాసుకోవచ్చు. ఈసారి నన్ను కూర్చోబెట్టి ఒక్కోటీ అడిగింది. గొట్టం వేస్తే ఎన్ని రోజుల్లో తేలుతుంది? మెడకు చిల్లు పెడితే మాట వస్తుందా? మళ్లీ అన్నం తింటానా? ఇవన్నీ మొదటిసారి అడగాల్సినవి. నేను సంతకాల వెంట పడ్డానే గానీ, అమ్మతో ఇంత మాట్లాడలేదు.

నయమయ్యే జబ్బయితే ఏడు రోజులు గొట్టం ఉంచొచ్చు, మెడకు చిల్లు మాత్రం వద్దు. నిర్ణయం చెప్పాల్సిన చోట ముందు తమ్ముడి పేరు, తర్వాత నాది. "నువ్వు నర్సువి, నీకు ఆశ ఎక్కువ" అంది. నొచ్చుకున్నాను, కానీ వాదించలేదు.

ఈసారి నోటరీ దొరికాడు. టైప్ చేసే కుర్రాడు చివరి లైను దగ్గర ఆగి నా వైపు చూశాడు. "మేడమ్, చేతులు కట్టొద్దు అని కూడా పెట్టాలా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "పెట్టు నాయనా."